ఆపద్ధర్మానికి హద్దు ఎక్కడ?

1991లో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయాక సోమాలియా తీరానికి కాపలా లేకుండా పోయింది; విదేశీ ట్రాలర్లు అక్కడి మత్స్య సంపదను అక్రమంగా తోడుకుపోతుంటే, జాలర్లలో కొందరు తొలుత వాటినే అడ్డగించి జరిమానా పేరిట డబ్బు వసూలు చేశారు. దారిన పోయే సరకు ఓడలను పట్టుకొని, సిబ్బందిని బందీలుగా ఉంచి, యజమానులతో నెలల తరబడి బేరమాడటం ఆ తరువాతి దశ. కట్టర్ హోడియర్న్ దర్శకత్వంలో 2014లో వచ్చిన ‘ఫిషింగ్ వితౌట్ నెట్స్’ చిత్రంలో అబ్దీ అనే జాలరి, భార్యాబిడ్డలను పోషించుకునే దారి మూసుకుపోయి, మనసొప్పకపోయినా ఓడదొంగలతో కలిసి ఒక చమురు ఓడను పట్టుకోవడానికి బయలుదేరేది ఈ రెండో దశలోనే.

అబ్దీ ధర్మమైన ఇస్లాం ఈ చర్యను ఎలా తూచుతుంది? దారికాచి ఆయుధబలంతో దోచుకోవడాన్ని దాని న్యాయశాస్త్రం ‘హిరాబా’ అని పిలిచి, బాటసారులందరి భద్రతనూ హరించే నేరం కనుక మామూలు దొంగతనం కంటే ఘోరంగా పరిగణిస్తుంది. అదే శాస్త్రం ‘జరూరా’ను, అంటే ప్రాణం మీదికి వచ్చిన అవసరం నిషిద్ధాన్ని సైతం అనుమతిస్తుందన్న సూత్రాన్ని, అంగీకరిస్తుంది, ఖలీఫా ఉమర్ కరవు ఏట దొంగలకు చేయి నరికే శిక్షను నిలిపివేశాడని సంప్రదాయం చెబుతుంది. అయితే ఆ సడలింపు అవసరమున్నంత మేరకే చెల్లుతుందనీ, ఒకరి ఆపద మరొకరి హక్కును రద్దు చేయదనీ న్యాయవేత్తలు కట్టడి చేశారు. ఆకలికి తాళలేక పరాయి అన్నం తిన్నవాడు పాపి కాకపోవచ్చు, కాని ఆ అన్నం వెలకు అతడు బాకీదారేనన్నది వారిలో పలువురి మతం.

మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మ చర్చలో ఈ బాకీ ప్రస్తావన లేకపోవడం గమనార్హం. పన్నెండేళ్ల క్షామంలో విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్క మాంసం దొంగిలించబోతే, మేల్కొన్న ఆ గృహస్థు మునికి అది తగదని వాదిస్తాడే తప్ప, అదే కరవులో ఉన్న తన ఆకలి సంగతి ఎత్తడు. వాదమంతా దొంగ ధర్మం చుట్టూనే తిరుగుతుంది.

హోడియర్న్ చిత్రం ఆ లోటును కొంత పూరిస్తుంది. అబ్దీకి ఓడలోని ఒక ఫ్రెంచి బందీతో స్నేహం కలుస్తుంది. అన్నం వెలను ఎప్పటికైనా తీర్చవచ్చు గాని, ఒక మనిషి నుంచి లాక్కున్న నెలలను ఏ నాణెంతో తీర్చాలన్న చిక్కు అక్కడ మొదలవుతుంది. కాని బందీని ఐరోపావాడిగా ఎంచుకోవడంలో చిత్రం సులువైన దారి పట్టిందనే చెప్పాలి: పేద జాలరి, సంపన్న దేశపు నావికుడు ఎదురెదురుగా నిలిస్తే ప్రేక్షకుడి మనసు కొంత జాలరి వైపు ముందే మొగ్గి ఉంటుంది. వాస్తవంలో సరకు ఓడల సిబ్బందిలో అధికులు ఫిలిప్పీన్స్, భారత్ వంటి దేశాల నుంచి పొట్టకూటికి వెళ్లినవారు. 2010లో చిక్కిన ‘అస్ఫాల్ట్ వెంచర్’ ఓడకు మరుసటి ఏడు సొమ్ము ముట్టినా, భారత్ చేతికి చిక్కిన తమవారిని విడిపించుకోవడానికి ఏడుగురు భారతీయులను ఓడదొంగలు అట్టేపెట్టుకొని, 2014లో గాని వదలలేదు. ట్రాలర్ల మీది కోపానికి గాని, అబ్దీ ఇంటి ఆకలికి గాని ఆ ఏడుగురు ఏ విధంగానూ బాధ్యులు కారు.