కనికరమునకు తెలివి కావలెను

ధ్యానభాగము: సామెతలు 12:10



పైన చూపిన వచనము చిన్నది. నీతిగలవాడు తన చేతి క్రిందనున్న మూగజీవి ప్రాణమును పట్టించుకొనునని దాని మొదటి మాట; దుష్టుని జాలి సైతము కాఠిన్యముగానే పరిణమించునని రెండవ మాట. మొదటిది మనకు సులభముగా బోధపడును. ఎడ్లకు మేత వేసి, కుడితి పెట్టిన పిమ్మటనే తాను అన్నమునకు కూర్చుండు రైతును మనమందరము ఎరుగుదుము. రెండవ మాటయే మనలను ఆలోచింపజేయును. జాలి ఎట్లు కఠినమగును? దుష్టుల సంగతి యటుండనిండు. మంచి మనస్సుగలవారి జాలి కూడ ఒక్కొక్కప్పుడు ప్రాణము తీయుచున్నది గదా! ఉద్దేశము మంచిదైనంత మాత్రమున చేసిన పని మంచిదగునా? ఈ ప్రశ్నను ఈ మాసము ఒక చిన్న దృష్టాంతముతో ఆలోచింతము.

పట్టణములలోనున్న మన బిడ్డల ఇండ్లకు వెళ్లినప్పుడు, ముందు గదిలో దీపము పెట్టిన గాజుతొట్టిని, అందులో తిరుగు రంగురంగుల చేపలను మనలో అనేకులు చూచియున్నారు. దానిని అక్వేరియం అందురు. ఆ చేపలలో పెక్కు ఉష్ణదేశముల నదులలోనివి. ఎఱుపు నీలము చారలతో మెరయు కార్డినల్ టెట్రా అను చిన్న చేప దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో నదీప్రాంతపుది. ఆ పేరునకు నల్లనది అని అర్థము. అడవి ఆకులు నానుటచేత ఆ నీరు తేనీటి రంగులో నుండును. పులుపు ఎక్కువ, లవణములు బహు తక్కువ. పళ్లెమువలె గుండ్రముగానుండు డిస్కస్ అను చేపయు అమెజాన్ ప్రాంతపుదే. దానికి నీరు 28 మొదలు 30 డిగ్రీల వెచ్చదనముతో నుండవలెను. ఇట్టివి నీటిలోని మార్పునకు త్వరగా నలిగిపోవును గనుక వీటిని సుకుమారమైన చేపలని చెప్పుదురు.

నదిలోని చేపకు నీళ్లు మార్చువారు ఎవరును లేరు. ప్రవాహమే దాని మలినమును కొనిపోవును, వర్షమే క్రొత్త నీటిని తెచ్చును. తొట్టిలోనైతే చేప విడిచిన మలినము దాని చుట్టునే నిలుచును. ఆ మలినమునుండియు, తినక మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. అయితే అడుగు ఇసుకలోను, నీటిని వడపోయు స్పాంజిలోను కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముండి, అమ్మోనియాను నైట్రైట్‌గాను, నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మార్చుచుండును. మొదటి రెండును విషములే. మూడవది అంత అపాయకరము కాదు గాని, అదియు దినదినము కూడుకొనును. దానిని తగ్గించుటకు నీళ్లు మార్చుటయే సామాన్యమైన మార్గము. గోదావరి, కృష్ణా ప్రాంతములలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు చేయువారికి ఈ అమ్మోనియా సంగతి మనము నేర్పనక్కరలేదు. ఒక్క మాట మాత్రము జ్ఞాపకముంచుకొందము: విషము కలిసిన నీరు సైతము కంటికి తేటగానే కనబడును.

ఇప్పుడు మంచి మనస్సుగల ఇద్దరు మనుష్యులను ఊహించుకొందము.

మొదటివాడు శుభ్రతయందు మిక్కిలి ఆసక్తిగలవాడు. సెలవు దినమున చేపలను గిన్నెలోనికి తీసి, పాత నీరంతయు పారబోసి, ఇసుకను స్పాంజిని కొళాయి క్రింద తోమి కడిగి, క్రొత్త నీరు నింపును. తొట్టి అద్దమువలె మెరయును. కాని కొళాయి నీటిలోని క్లోరిన్ చేప మొప్పలను కాల్చును. మలినమును హరించు సూక్ష్మజీవులు ఆ కడుగుటలోనే చాలవరకు నశించును. నీటి వెచ్చదనము, పులుపు, లవణములు ఒక్కసారిగా మారును. మంచినీటి చేప రక్తములో చుట్టునున్న నీటిలోకంటె ఉప్పు ఎక్కువ. అందుచేత నీరు ఎడతెగక దాని దేహములోనికి చొచ్చుచుండును. అది ఆ నీటిని మూత్రముగా బయటికి పంపుచు, మొప్పలద్వారా లవణములను పట్టుకొనుచు ఒక తూకములో బ్రదుకుచున్నది. బయటి నీరు ఒక్క ఘడియలో మారినయెడల ఆ తూకము తప్పును.

రెండవవాడు మృదుస్వభావుడే గాని మరపుగలవాడు. చేపలు బాగుగనే తిరుగుచున్నవి గదాయని నెలలకొలది నీటి జోలికి పోడు. ఆవిరియైనంత నీరు మాత్రము పోయుచుండును. అంతలో నీటిలోని సున్నపు సారము తరిగిపోయి నీరు పులుపెక్కును. పులుపెక్కిన కొలది సూక్ష్మజీవుల పని మందగించి అమ్మోనియా నిలువయగును. పుల్లని నీటిలో అది దాదాపు హానిలేని రూపములోనుండును గనుక, చేపలు మెల్లమెల్లగా ఆ నీటికి అలవాటుపడి ఎట్లో బ్రదుకుచుండును. ఒకనాడు అతని మనస్సాక్షి అతనిని గద్దించును. వెంటనే మూడువంతుల నీరు తీసివేసి క్రొత్త నీరు నింపును. పులుపు విరిగినంతనే నిలువయున్న అమ్మోనియా విషరూపము దాల్చును. నీటి పులుపును పీహెచ్ అను కొలతతో చూతురు. 7 సమము, అంతకు తగ్గిన కొలది పులుపు, హెచ్చిన కొలది క్షారము. 25 డిగ్రీల నీటిలో ఆ కొలత 7 అయినప్పుడు అమ్మోనియాలో నూటికి సుమారు అర పాలు మాత్రమే విషరూపములో నుండును. కొలత 8 అగునప్పటికి నూటికి సుమారు అయిదు పాళ్లగును. తెల్లవారుసరికి చేపలు పైకి తేలియుండును. నీళ్లు మార్చుటవలననే చచ్చినవి, ఇక ఎన్నడును మార్చనని అతడు అనుకొనును. నిజమునకు వాటిని చంపినది ఆ ఒక్క దినము కాదు. దాని వెనుకనున్న మరచిన దినములన్నియు కలిసి చంపినవి.

మరి తగిన మార్గమేది? సాధారణముగా వారమునకొకసారి, నాలుగవ వంతుకు మించకుండ, అడుగు మలినముతో కూడ సన్నని గొట్టముతో నీరు తీయవలెను. క్రొత్త నీటిలోని క్లోరిన్ పోగొట్టి, వెచ్చదనము సరిచూచి, మెల్లగా పోయవలెను. క్లోరిన్ మాత్రమే అయినయెడల బకెటులో ఒక దినము నిలువయుంచినచో చాలవరకు పోవును. క్లోరమైన్ కలిపిన నీటికి మాత్రము అంగడిలో దొరకు మందు వేయవలసినదే. స్పాంజిని తీసిన పాత నీటిలోనే పిండి మరల పెట్టవలెను. బహుకాలము మరచిన తొట్టినైతే కొంచెము కొంచెముగా, అనేక దినములలో దారికి తేవలెను. ఇందులో గొప్ప త్యాగమేమియు లేదు, చూచి మెచ్చుకొనువారును లేరు. మరచిపోకుండుటయే ఇందలి కష్టము.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఆ ఇద్దరిలో ఎవడును చేపలకు కీడు కోరలేదు. అట్లయినచో వారియందు తప్పు లేదందుమా? తెలియక చేసినదానిని క్షమింపవచ్చునని మనమందుము; అది న్యాయమే. అయితే ఇక్కడ ఒక భేదము కలదు. దారిని పోవుచుండగా ఎదురైన జీవికి మనము తెలియక కీడు చేయుట వేరు. దానిని మనమే కోరి తెచ్చుకొని, దాని నదిని తీసివేసి, మన తొట్టిని దానికి లోకముగా చేసినప్పుడు, ఆ నది చేయు పనియంతయు మన చేతులమీద పడినది. ఆ పని ఏమో తెలిసికొనుట కూడ ఆ భారములోని భాగమే. మొదట తెలియకపోవుట దోషము కాదు. అడుగువారికి చెప్పువారుండగా అడుగకపోవుట దోషము. మొదటి మనుష్యుడు తన కంటికి ఏది ఇంపో అది చేసెను. రెండవవాడు తన మనస్సాక్షికి ఏది నెమ్మదినిచ్చునో అది చేసెను. చేపకు ఏది అవసరమో ఇద్దరును విచారింపలేదు. జాలి కఠినమగు విధము ఇదియే.

ఇంకొక సంగతి. నీరు చెడినప్పుడు సుకుమారమైన చేప మొదట చచ్చును. అప్పుడు మనము దానినే నిందించి, గప్పీవంటి గట్టి చేపలను చూపి, ఇవి బ్రదుకలేదాయని అందుము. కాని చచ్చిన చేప మన నీటిని గూర్చి సాక్ష్యము చెప్పినది. గట్టి చేప అదే నీటిని సహించినది. సహించుట వేరు, బాధ లేకుండుట వేరు.

ఇంత చిక్కు ఏల, పెంచుటయే మానవచ్చును గదాయని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. 1854లో ‘ది అక్వేరియం’ అను గ్రంథము వ్రాసి, ఇంగ్లండులో ఈ వేడుకను వ్యాపింపజేసిన ఫిలిప్ హెన్రీ గాస్ బ్రదరన్ సహవాసములో వాక్యము బోధించినవాడు. మన గోదావరి సీమకు వచ్చిన బౌడెన్, బీర్ దొరలు కూడ ఆ సహవాసమువారే. గాస్ గ్రంథములు చదివినవారు గుంపులుగా సముద్రతీరమునకు పోయి, రాళ్ల గుంటలలోని జీవులను తొట్లకొరకు పెరికి తెచ్చుటచేత ఆ తీరము బోసిపోయెననియు, అందుకు తన తండ్రి మిక్కిలి నొచ్చుకొనెననియు కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువడిన ‘ఫాదర్ అండ్ సన్’ అను గ్రంథములో తెలిపెను. సృష్టిని ప్రేమించినవాని మాటయే సృష్టికి నష్టము తెచ్చెను. మరొక ప్రక్క, బ్రెజిల్ దేశములో రియో నీగ్రో ఒడ్డునగల బార్సెలోస్ ప్రాంతమున అనేక కుటుంబములు దశాబ్దములతరబడి ఈ చిన్న చేపలను పట్టి అమ్మి బ్రదికినవి. ఆ జీవనోపాధి నిలిచియున్నచో అక్కడివారు ఏటిని అడవిని కాపాడుకొందురని కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి. కాబట్టి పెంచుట పాపమని గాని, దోషమేమియు లేదని గాని ఒక్క మాటలో తీర్పు చెప్పలేము. మన తెలివికిని ఓపికకును మించినదానిని తెచ్చుకొనరాదని మాత్రము నిశ్చయముగా చెప్పగలము. ఆదామునకు తోట అప్పగింపబడినది అనుభవించుటకు మాత్రమే కాదు, కాచుటకు కూడ అని ఆదికాండము రెండవ అధ్యాయములో చదువుచున్నాము.

మన ఇంట చేపల తొట్టి లేకపోవచ్చును. అయినను మన చేతిలోనున్న నీటిలో బ్రదుకువారు మన ఇండ్లలోనే కలరు. వృద్ధులైన తలిదండ్రులను సంవత్సరమంతయు మరచి, పండుగనాడు సంచుల నిండ వస్తువులు తెచ్చి కుమ్మరించిన బిడ్డ రెండవ మనుష్యునివంటివాడు. పిల్లవాని తప్పులన్నియు ఒక్క దినమున కడిగివేయగోరి గద్దించు తండ్రి మొదటివానివంటివాడు. ఇంటిలో ఎన్నడును నోరు మెదపని కోడలు బాగుగనే యున్నదని తలంచు కుటుంబము గట్టి చేపను చూచి మోసపోవుచున్నది. చాలకాలము పలుకరింపని సహోదరునితో సమాధానపడగోరువారు కొంచెము కొంచెముగా దగ్గరకు వెళ్లుటకు సిగ్గుపడనక్కరలేదు. ఆలస్యముగా మేల్కొన్న ప్రేమకు తొందర ఎక్కువ. అయితే అవతలివారు మన తొందర చొప్పున కోలుకొనలేరు.

కాబట్టి ప్రియులారా, ఎవరికి మేలు చేయగోరుదుమో వారి అవసరమును మొదట విచారింతము. చేయవలసిన కొంచెమును వారము వారము మరువక చేయుదము. మన కనికరము మన చేతి క్రిందనున్న ప్రతి ప్రాణికి నిజముగా కనికరమగును గాక.