మింగకుండా ఉమ్మేస్తే తప్పేమిటి?

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ మధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాక "మామూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి" అన్నాడు. ఆఫీసు మిత్రులు కొందరు నెలకోసారి ఒకరింట్లో విందు చేసుకుంటారట. ఒక్కో వంటకానికి ఒక్కో వైన్ వడ్డిస్తారట. ఏ వంటకానికి ఏది కుదిరిందో రుచి చూసి చెప్పడమే ఆ విందు వినోదం. వాళ్ళుండే చోటికి నాపా లోయ దగ్గరే. ద్రాక్షతోటలకూ వైన్ తయారీకీ పేరుపొందిన ప్రాంతమది. "నువ్వు తాగనక్కర్లేదు, నోట్లో పోసుకొని పుక్కిలించి ఉమ్మెయ్, పెద్ద పెద్ద నిపుణులూ అలాగే చేస్తారు అంటున్నారు మామూ. గొంతు దిగనప్పుడు, మత్తే ఎక్కనప్పుడు పాపమెక్కడిది?" ఇదీ అతని ప్రశ్న.

నాకు కోపం రాలేదు. అబ్బాయి దాచి వెళ్ళలేదు, అడిగాడు. ఆ ప్రశ్న అతనొక్కడిదీ కాదు. నేడు మన పిల్లలు బెంగుళూరులో, దుబాయిలో, అమెరికాలో ఎందరో ఇలాంటి బల్లల ముందు కూర్చోవలసి వస్తోంది.

ముందు వాళ్ళు చేసేదేమిటో న్యాయంగా చూద్దాం. ఎరుపు వైన్‌లో ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది నాలుకను పట్టేసినట్టు చేస్తుంది. కొవ్వున్న మాంసంతో కలిస్తే ఆ వగరు మెత్తబడుతుంది. పులుపెక్కువున్న తెల్ల వైన్ చేపకు నిమ్మకాయ పిండినట్టు పనిచేస్తుంది. ఉప్పటి జున్నుకు తియ్యటి వైన్ జోడీ. ఇందులో నిజమైన జ్ఞానం ఉంది, కాదనలేం. కొంత భ్రమా ఉంది. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో ఎర్రరంగు కలిపి ఇస్తే, వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు తెలియనివ్వకుండా ఫ్రెంచి నిపుణులకు రుచి చూపిస్తే, తమ దేశపు వైన్లను కాదని కాలిఫోర్నియా వైన్లకే మొదటి స్థానాలిచ్చారు. అయినా నిపుణుల నాలుక మోసపోతుంది గనుక వైన్ చెడ్డది అనడం సరైన వాదన కాదు. అలా వాదించి గెలిచామనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు.

దివ్యఖుర్ఆన్ అలా వాదించలేదు. బఖరా సూరా 219వ వాక్యం మద్యంలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని ఒప్పుకుంటూనే, దానిలోని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని తూచి చెప్పింది. ఆ తర్వాతే మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చింది. అంటే, రుచి లేదని కాదు, లాభం లేదని కాదు. అవి ఉన్నా సరే వదలమన్నారు. పరిమాణం సంగతి కూడా హదీసుల్లో స్పష్టంగా ఉంది. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమే.

"కానీ ఆ కొంచెం కూడా నేను తాగడం లేదుగా" అంటాడు మా అబ్బాయి. నిజమే. ఇక్కడ విషయం గొంతును దాటి దస్తర్‌ఖాన్ దగ్గరికి వస్తుంది. అల్లాహ్‌నూ అంతిమ దినాన్నీ విశ్వసించేవారు మద్యం వడ్డించే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోరాదని మహాప్రవక్త (స) హెచ్చరించారు. మద్యం విషయంలో శపించబడిన పదిమందిలో తాగేవాడు ఒక్కడే. పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ ధర తినేవాడు... వీరిలో ఎవరూ ఒక్క చుక్క తాగకపోవచ్చు.

ఎందుకింత కఠినం? నాకు తోచింది చెబుతాను. విందు ఒంటరి పని కాదు. నలుగురితో కూర్చొని, గ్లాసు వెలుతురుకు ఎత్తి, వాసన చూసి "బాగుంది" అన్నవాడు ఆ సీసాకు గౌరవం ఇచ్చినట్టే. తాను ఉమ్మేస్తాడు, పక్కవాడు మింగుతాడు. ఆ పక్కవాడికి మూడో గ్లాసు దగ్గర ఆగే శక్తి ఉందో లేదో ఎవరికి తెలుసు?

మన తెలుగు నేల మీద ఈ గౌరవం ఎలా పంచబడిందో గుర్తుచేసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయింది. కూలివాడు తాగితే అది కుటుంబాన్ని కూల్చే వ్యసనం. ఉన్నవాడు తాగితే అది అభిరుచి, సంస్కారం! లోపల ఉన్నది మాత్రం ఒకటే ఆల్కహాలు. హజ్రత్ ఉమర్ (రజి) మింబరు మీద నుంచి ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, బార్లీ పేర్లు చెప్పి, బుద్ధిని కప్పివేసేదేదైనా మద్యమేనన్నారు. సీసా ధర గురించి ఆయన మాట్లాడలేదు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటన నాకు ఈ సందర్భంలో ఎప్పుడూ గుర్తొస్తుంది. అదీ మిత్రుల విందే. అబూ తల్హా, అబూ ఉబైదా, ఉబై బిన్ కఅబ్ (రజి) వంటి పెద్దలు కూర్చొని ఉన్నారు. చిన్నవాడైన అనస్ ఖర్జూర మద్యం పోస్తున్నారు. మద్యం నిషేధించబడిందని ఒకతను వచ్చి చెప్పాడు. చేతిలో ఉన్నది ముగించి లేద్దామని ఎవరూ అనలేదు. లేచి పారబొయ్యమన్నారు అబూ తల్హా. మదీనా వీధుల్లో మద్యం పారింది. వాళ్ళు తాగుబోతులు కారు, మంచి మిత్రులు. స్నేహం మాత్రం పారబోయలేదు, జాడీలే ఖాళీ అయ్యాయి.

అందుకే మా వాడితో రెండు మాటలు చెప్పాను. వైన్ కోసమే పెట్టుకున్న విందుకు వెళ్ళవద్దు. కారణం దాచి "తలనొప్పి" అని అబద్ధం చెప్పవద్దు, వాళ్ళను చిన్నచూపు చూసి ఉపన్యాసమూ ఇవ్వవద్దు. ఉద్యోగరీత్యా తప్పని విందుల సంగతి వేరు, అది అక్కడి ఆలిములను అడిగి తెలుసుకోమన్నాను. మాట ఊరటగా లేదని నాకు తెలుసు. పరదేశంలో నలుగురు మిత్రులు దొరకడం ఎంత కష్టమో అక్కడున్నవాడికే తెలుస్తుంది.

రుచి తెలిసిన నాలుక పాపం కాదు. అది అల్లాహ్ అనుగ్రహం. మహాప్రవక్త (స) తాజా ఖర్జూరాలను దోసకాయతో కలిపి తినేవారు. పుచ్చకాయతోనూ తినేవారు, ఒకదాని వేడిని మరొకదాని చలువ తగ్గిస్తుందని. రొట్టెకు సిర్కా మంచి నంజుడని మెచ్చుకున్నారు. ఇదంతా జత కుదర్చడం కాకపోతే మరేమిటి? మన ఇళ్ళలో బిర్యానీ పక్కన మిర్చీ కా సాలన్ ఎందుకు పెడతారు? నేతి బరువును చింతపండు పులుపు కోస్తుంది, నువ్వులూ పల్లీలూ కారాన్ని మెత్తబరుస్తాయి. హలీం మీద నిమ్మకాయ పిండనిదే మన నాలుక ఒప్పుకోదు. నాపా వాళ్ళు లెక్కలు వేసి చెప్పేది మన నానీలు చేత్తోనే చెప్పారు.

తర్వాతి నెల వాడే మిత్రులను ఇంటికి పిలిచాడట. వాళ్ళమ్మ ఫోన్‌లో చెబుతుంటే సాలన్ వండాడట, రెండుసార్లు మాడ్చి. వైన్ గురించి బాగా తెలిసిన ఒకతను చింతపండు ఏం పని చేస్తోందో అందరికీ వివరించాడట. ఐదుగురిని పిలిస్తే నలుగురు వచ్చారు. రానివాడు ఎందుకు రాలేదో వీడు అడగలేదు, అతను చెప్పలేదు.