ఆ గీతల్లో ముస్లిం ఎక్కడ?

నస్రీన్ మొహమ్మదీ బొమ్మ ముందు నిలబడితే మొదట ఏమీ కనిపించదు. తెల్ల కాగితం, దాని మీద ఇంకుతోనో పెన్సిల్‌తోనో గీసిన సన్నటి గీతలు. కాసేపు చూస్తే గీతల మధ్య ఎడం పెరుగుతుంది, తగ్గుతుంది. ఎక్కడో దూరంగా నీళ్లు కదిలినట్టుంటుంది. మనిషి లేడు, చెట్టు లేదు. తన బొమ్మలకి ఆమె పేర్లు కూడా పెట్టలేదు.

1937లో కరాచీలో పుట్టింది. చిన్నప్పుడే కుటుంబం బొంబాయి వచ్చేసింది. లండన్‌లో, పారిస్‌లో చదువుకుంది. తండ్రి వ్యాపారం బహ్రెయిన్‌లో ఉండటంతో అక్కడి ఎడారీ ఎరుగును. 1972 నుంచి బరోడాలో చిత్రకళ పాఠాలు చెప్పింది. అలీబాగ్ దగ్గర కిహీం అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో 1990లో కన్నుమూసింది. అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే చారల్ని ఫోటోలు తీసుకునేది. బతికుండగా వాటిని ఎవరికీ ప్రదర్శించలేదు. చివరి ఏళ్లలో నరాల జబ్బుతో ఒళ్లు స్వాధీనం తప్పుతున్నా గీత మాత్రం తప్పలేదు.

ఈ గీతల్లో ముస్లిం ఎక్కడ? ఈ ప్రశ్న వేసింది ఎవరో కాదు, నేనే. 1992 డిసెంబర్ 6 తర్వాత రాయడం మనకి సరదా కాదు, అవసరం. మన కర్ఫ్యూ, మన పేదరికం, మనమీద అనుమానం మనం రాయకపోతే మన తరఫున ఇంకెవరో రాసేస్తారు. అలాంటప్పుడు సముద్రం చూస్తూ గీతలు గీసుకోవడం తప్పించుకోవడం కాదా అనిపించింది.

కానీ నా ఉద్యోగమే నాకు జవాబు చెప్పింది. పత్రికలో రంజాన్ వస్తే హలీమ్ గురించి నేనే రాయాలి. మొహర్రం వస్తే పీర్ల గురించి నేనే రాయాలి. ఒకసారి సముద్రం మీద రాస్తానంటే, 'మీవాళ్ల గురించి రాయొచ్చు కదా' అన్నారు. మా ఇంట్లో సమందర్ అంటాం, బయట సముద్రం అంటాం. రెండూ ఒకే మాట. అందులో మావాళ్ల నీళ్లెన్ని, మీవాళ్ల నీళ్లెన్ని?

హుస్సేన్ బొమ్మలు గీశాడు. మా దేవతల్ని నువ్వెందుకు గీశావని కేసులు పెట్టారు. 2006లో దేశం విడిచాడు, 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు, 2011లో లండన్‌లో పోయాడు. నస్రీన్ బొమ్మే గీయలేదు. ఇస్లాంలో బొమ్మలు కూడదు కదా, అందుకే గీతలంటారు. గీసినా ముస్లిమే, గీయకపోయినా ముస్లిమే! బీజాపూర్, గోల్కొండ దర్బారుల్లో మనుషుల బొమ్మలు గీయించిన సుల్తానులు ముస్లింలు కారా? ఆమెకి పెద్దదిక్కులాంటి గైతోండే కూడా నైరూప్య చిత్రకారుడే. ఆయన కాన్వాసు ముందు నిలబడి మతం వెతికినవాణ్ని నేను చూడలేదు.

నిజమే, ఆమెది కలిగిన కుటుంబం. పాతబస్తీలో రిక్షా తొక్కే అబ్బాస్ కూతురికి, బీడీలు చుట్టే ఖాలాకి అంత తీరిక, అంత ఏకాంతం ఎక్కడివి? ఈ మాటని నేను దాటేయలేను. అయితే దీన్నుంచి తేలేది ఆమె తప్పు చేసిందని కాదు. ఆ ఏకాంతం మనలో చాలామందికి అందలేదని. లేనిదాన్ని అడగాలి గానీ, ఉన్నవాళ్ల నుంచి లాక్కోవడం న్యాయమవుతుందా?

మన పహచాన్ గురించి మనం మాట్లాడాల్సిందే. కొట్టినప్పుడు దెబ్బ పేరు చెప్పాల్సిందే. కానీ మాట్లాడేది ఎందుకు? రేపు మన ఇంటి పిల్ల ఒడ్డున కూర్చుని ఒక గీత గీస్తే, అది గీతేనా, సాక్ష్యమా అని ఎవరూ అడగకుండా ఉండటానికి. బయటివాళ్లూ అడగకూడదు, మనమూ అడగకూడదు. నేను అడిగాను. అందుకే ఇది రాస్తున్నాను.