ఎలుకకు నొప్పి మందు ఇవ్వాలా?

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం 1951లో మొదలైంది. ఆ తరం ఫార్మసీ విద్యార్థులకు గినీపిగ్ పేగు కొత్తేమీ కాదు. వెచ్చటి ఉప్పునీళ్లలో దారంతో ముక్కను వేలాడదీస్తే, అది ముడుచుకున్నప్పుడల్లా మసి పట్టిన కాగితం మీద సూది గీత గీసేది. కరెంటుతో ముడుచుకునేలా చేసిన పేగు మీద మార్ఫిన్ పడితే గీత కురచయ్యేది. నల్లమందుకు విరేచనాలు ఎందుకు కడతాయో ఆ కాగితమే చెప్పేది. 1975లో అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ శరీరం తనకు తానే తయారుచేసుకునే, మార్ఫిన్‌లా పనిచేసే ఎన్‌కెఫలిన్‌లను గుర్తించడానికీ ఇలాంటి పేగు ముక్క పనికొచ్చింది.

మార్ఫిన్ అతుక్కునే ఓపియాయిడ్ గ్రాహకాలు మెదడులోనే కాదు, పేగులోనూ ఉన్నాయి. వాటిలో 'మ్యూ' రకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో రసాయనంతో పేగువాపు తెప్పిస్తే జబ్బు మరింత ముదిరిందని 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. మామూలు ఎలుకల్లో ఆ గ్రాహకాన్ని ప్రేరేపిస్తే వాపు తగ్గింది.

తమాషా ఏమిటంటే, ఆ గ్రాహకాలను అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ కూడా అమెరికాలో కొన్ని ఎలుకలకు మేలే చేసింది! మనుషుల దగ్గరికొస్తే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పెద్దపేగు వాచే అల్సరేటివ్ కొలైటిస్ జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు విరేచనాలు ఆగాలని, పేగులోని ఇవే గ్రాహకాలను ప్రేరేపించే లోపెరమైడ్ మింగితే పెద్దపేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు.

అసలు చిక్కు ఇలా పేగువాపు తెప్పించిన ఎలుక దగ్గరే ఉంది. పొద్దున్నే తోక పట్టి తూకం వేస్తారు, మలంలో రక్తం ఉందేమో చూస్తారు. నొప్పి ఎక్కువైతే కళ్లు సగం మూసుకుంటుంది, ఒళ్లు ముడుచుకుంటుంది. జాలిపడి ఓపియాయిడ్ మందు ఇస్తే పరీక్షించదలచిన గ్రాహకమే మేలుకుంటుంది. ఫలితం ఇక దేనిదో తేలదు. కనికరమే ప్రయోగాన్ని పాడుచేసే చోటు ఇది.

మన చట్టం దీన్ని శాస్త్రవేత్త ఒక్కడికే వదిలేయలేదు. జంతువులపై ప్రయోగానికి సంస్థ నైతిక కమిటీ అనుమతి కావాలి. అందులో సైన్సుతో సంబంధం లేని సభ్యుడూ కూర్చుంటాడు. అది మంచి ఏర్పాటే, ఆయన టీ తాగి సంతకం పెట్టి వెళ్లిపోనంత వరకు. బరువు అయిదోవంతు తగ్గితే ఆ ఎలుకతో ప్రయోగం ఆపేయడం చాలా ల్యాబుల్లో ఉన్న హద్దు. 15 శాతం దగ్గరే ఆపితే పోయేదేమిటని ఆయన అడగాలి. ఓపియాయిడ్ కాని నొప్పి మందు ఏదైనా ప్రయత్నించారా అని కూడా. రెండోదానికి జవాబు అంత తేలిక కాదు: ఐబుప్రొఫెన్ లాంటి మందులు పేగుకే చేటు చేస్తాయి.