ఎత్తు లెక్క

అమ్మడూ,

సైకిలు విమానంలో వేసుకుని రీయూనియన్ ద్వీపానికి పోతానన్నావట. వద్దని చెప్పమని మీ నాన్న నాకు ఫోన్ చేశాడు. నేను వద్దనను తల్లీ, వెళ్ళిరా. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున, అగ్నిపర్వతాలు పేర్చిన నేల అది. సైకిలు తొక్కేవాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిన చోటు. అయితే నువ్వు రాసుకున్న కాగితం మాత్రం మార్చాలి.

మొదటి రోజు 70 కిలోమీటర్లు, రెండో రోజు 80, మూడో రోజు 60 అని రాశావు. అది మన గుంటూరు లెక్క. మనం మైదానంలో పుట్టినవాళ్ళం. బ్రాడీపేటలో పొద్దున్నే బయల్దేరి పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక పోయి, సాయంత్రానికి ఇంటికొచ్చి స్నానం చేసే పిల్లవి నువ్వు. మన ఊళ్ళో నువ్వు తొక్కిన ఎక్కుడల్లా శంకర్ విలాస్ వంతెనే. ఆ దారిలో పని చేసిన కిలోమీటరు ఆ ద్వీపంలో పనిచెయ్యదు. ఆ అంకెలన్నీ కొట్టేసి, ప్రతి రోజు పక్కనా ఎన్ని మీటర్లు పైకి ఎక్కాలో రాయి. ముందు నుంచీ నేను చెప్పదలచింది ఇదొక్కటే.

ఎందుకో విను. నువ్వూ, సైకిలూ, సంచులూ, నీళ్ళూ అన్నీ కలిపి 85 కిలోలనుకో. అంత బరువును 1,000 మీటర్లు పైకి చేర్చడానికి ఎనిమిది లక్షల జౌళ్ళకు పైగా శక్తి కావాలి. తిన్నదాంట్లో మన ఒళ్ళు పెడలుకిచ్చేది నాలుగో వంతుకు కాస్త తక్కువే, మిగతాదంతా వేడీ చెమటా. అంటే ఒక్క వెయ్యి మీటర్లకు దగ్గర దగ్గర 850 కేలరీలు ఖర్చు. నువ్వు గంటల తరబడి నిలకడగా తొక్కగలిగిన బలానికి ఆ వెయ్యి మీటర్లు ఎక్కడానికి రెండు గంటల పైనే పడుతుంది. ఆ రెండు గంటల్లో రోడ్డు మీద నువ్వు కదిలింది పదిహేను కిలోమీటర్లే కావచ్చు. అప్పుడు నీ కాగితం చూసుకుంటే గుండె జారుతుంది. ఎత్తు లెక్క రాసుకుంటే మాత్రం ఎక్కడుండాలో అక్కడే ఉన్నానని ధైర్యంగా ఉంటుంది. లెక్క తప్పైతే కాళ్ళు బాగున్నా మనసు ముందు ఆగిపోతుంది, ఇది నేను అరకు దారిలో అనంతగిరి ఘాట్‌లో చాలామందిలో చూశాను.

ఆ ద్వీపం ఎలా పుట్టిందో తెలిస్తే దారులు వాటంతటవే అర్థమవుతాయి. సముద్రగర్భం నుంచి రెండు అగ్నిపర్వతాలు లేచాయి. పాతది పితోన్ దే నేజ్, దాదాపు 3,070 మీటర్లు. ఎప్పుడో చల్లారింది. దాని చుట్టూ నేల కూలి, వానలకు కోసుకుపోయి మూడు పెద్ద గుండాలు ఏర్పడ్డాయి. సిలావోస్, సాలాజీ, మఫాత్. మఫాత్‌కు అసలు రోడ్డే లేదు, నడిచి పోవాల్సిందే. రెండో అగ్నిపర్వతం పితోన్ ద లా ఫూర్నేజ్, 2,632 మీటర్లు. ఇప్పటికీ తరచు లావా కక్కుతూనే ఉంటుంది. ఊళ్ళన్నీ ఎక్కువగా తీరం వెంట ఉన్నాయి కాబట్టి ఏ ఎక్కుడైనా సముద్రమట్టం దగ్గరే మొదలవుతుంది. సగం ఎత్తులో మొదలుపెట్టే సౌకర్యం నీకుండదు.

ముందుగా సిలావోస్. సెయింట్ లూయీ నుంచి 35 కిలోమీటర్ల పైన, ఊరున్నది 1,200 మీటర్ల ఎత్తున. నాలుగు వందలకు పైగా మలుపులంటారు. ఒక చోట ఎక్కి, మళ్ళీ కొంత దిగి, మళ్ళీ ఎక్కాలి కనుక కాళ్ళ మీద పడేది 1,200 కంటే ఎక్కువే. ఒకే బండి పట్టే సొరంగాలున్నాయి. ముందు దీపం, వెనక ఎర్ర దీపం పట్టపగలు కూడా వెలిగించుకో. ఎదుటి బండి దీపం కనిపిస్తే లోపలికి దూరకు, అది బయటికొచ్చేదాకా ఆగు. సిలావోస్‌కు వెళ్ళేదీ వచ్చేదీ ఆ ఒక్క రోడ్డే. వానకు కొండచరియ జారితే ఊరు ఊరంతా ఆగిపోతుంది. అందుకే అక్కడ ఒక రోజు ఖాళీగా వదిలిపెట్టు. ఆ రోజు పప్పన్నం తిని పడుకో. సిలావోస్‌లో పండే చిన్న పప్పుకు ఆ ద్వీపంలో పెద్ద పేరు. అన్నం, పప్పు, పక్కన మిరపకాయలతో నూరిన రుగాయ్ పెడతారు. గుంటూరు పిల్లకు నోరు చచ్చిపోయే బాధ లేదు.

తర్వాత అగ్నిపర్వతం దారి. నాకైతే అన్నిటికంటే ఇదే గొప్పది. సెయింట్ పియేర్‌లో సముద్రం దగ్గర మొదలుపెట్టి ప్లేన్ దే కాఫ్ర్ మీదికి ఎక్కుతావు. మన బ్రాడీపేట లైన్లకు అంకెలున్నట్టే ఆ దారిలో ఊళ్ళకు సెయింట్ పియేర్ నుంచి ఎన్నో కిలోమీటరైతే ఆ అంకె పేరుగా ఉంటుంది. ఇరవై ఏడో కిలోమీటరు దగ్గరున్న బూర్ మ్యురాకి వచ్చేసరికి 1,600 మీటర్లు ఎక్కేసి ఉంటావు. వందకు ఆరు చొప్పున, ఊపిరి తిప్పుకోనివ్వని ఎక్కుడు. ఆ రాత్రి అక్కడే ఆగు. పట్టుదలకు పోయి ఒక్క రోజులో పైదాకా పోవద్దమ్మా. మర్నాడు చీకటితోనే బయల్దేరితే పా ద బెల్‌కోంబ్ అంచుకు, 2,311 మీటర్లకు చేరతావు. మధ్యలో ప్లేన్ దే సాబ్ల్ అనే ఎర్రటి, నల్లటి బూడిద మైదానం దాటాలి. అక్కడ తారు లేదు, అలలలాగా గట్లు కట్టిన కంకర బాట. సన్న టైర్లు పనికిరావు. కనీసం 40 మిల్లీమీటర్లవి వేసుకో, ఆ ముక్కకు గాలి కొంచెం తగ్గించు.

మాయిదో గురించి ఒక్క మాట. సెయింట్ పాల్ తీరం నుంచి దాదాపు 2,200 మీటర్ల దాకా సూటిగా ఎక్కే దారి. పై నుంచి మఫాత్ గుండం మొత్తం కనిపిస్తుంది. కానీ పొద్దెక్కితే మబ్బు కమ్ముకుంటుంది కాబట్టి సంచులన్నీ కిందే వదిలేసి తెల్లవారకముందే మొదలుపెట్టు. మొదటి వారంలో మాత్రం దాని జోలికి పోకు. సాలాజీ దారి పచ్చగా, జలపాతాలతో అందంగా ఉంటుంది, వీలైతే చూడు.

తీరం చుట్టూ 210 కిలోమీటర్లే కదా, మూడు రోజులు చాలన్నావు. సరే, కానీ పడమటి తీరంలో 2009లో తెరిచిన తామరిన్ రోడ్డు మీదికి సైకిళ్ళను రానివ్వరు. పాత తీరపు రోడ్డే నీది. ఆగ్నేయాన లావా దాటే రోడ్డు మీద మాత్రం తొందరపడకు. ఏ ప్రవాహం ఏ ఏడాదిదో పక్కనే పలకల మీద రాసి ఉంటుంది. 2007 ఏప్రిల్ లావా ఆ రోడ్డును మింగేసి సముద్రంలోకి పోయి ద్వీపానికి కొత్త నేల కలిపింది. సెయింట్ రోజ్ దగ్గర 1977 లావా ఒక చర్చి గుమ్మం దాకా వచ్చి, రెండు పాయలై దాన్ని చుట్టుకుపోయింది. అక్కడ దిగి నడువు.

ఎక్కడం గురించి నీకు భయముంది, దిగడం గురించి లేదు. నాకు అటే భయం. ఎనిమిది లక్షల జౌళ్ళు పెట్టి ఎక్కావా, దిగేటప్పుడు అదంతా ఎక్కడో ఒకచోట కరగాలి. మలుపుల దారిలో చాలా భాగం నీ బ్రేకుల్లోనే కరుగుతుంది. బ్రేకు పట్టుకునే దిగితే రిమ్ము కాలిపోయి ట్యూబు పేలుతుంది, డిస్కు అయితే ప్యాడ్లు గాజులా మెరిసి పట్టు పోతుంది. మలుపుకు ముందే రెండు చేతులా గట్టిగా పట్టి వేగం తగ్గించు, మలుపులో వదిలెయ్యి. మధ్యలో ఆగి చల్లారనివ్వు. ఎక్కేటప్పుడు ముందున్న చైన్‌వీల్‌కు 30 పళ్ళు, వెనక పెద్దదానికి 36 ఉంటే గంటకు ఆరు కిలోమీటర్ల దగ్గర కూడా నిమిషానికి అరవై చుట్లు తొక్కొచ్చు. అంతకంటే బరువైన గేరు పెట్టుకుని మోకాళ్ళు పాడుచేసుకోకు.

అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. నీ హ్యాండిల్‌కు కుడివైపున్న అద్దం తీసి ఎడమవైపు బిగించు, నిన్ను దాటేవాళ్ళు అటు నుంచే వస్తారు. పొద్దున్నే నిద్రమత్తులో సైకిలెక్కిన మొదటి పది నిమిషాలే ప్రమాదం. పరాకున ఎడమకు పోతావు.

ఇక డిసెంబరు సెలవులన్నావు. ఆ మాట మాత్రం వినను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. 1966 జనవరిలో ఆ కొండల మీద ఒక్క రోజులో 1,825 మిల్లీమీటర్లు కురిసింది, మన జిల్లాలో రెండేళ్ళ వాన. 1980 జనవరి తుఫానుకు పదిహేను రోజుల్లో 6,083. ఇవి ప్రపంచ రికార్డులు. సెప్టెంబరులో పో. అప్పుడు చెరకు కోతలు, రోడ్డు మీద చెరకు లారీలుంటాయి. మిర్చి యార్డు లారీల మధ్య తిరిగిన దానివి, ఆ సంగతి చూసుకోగలవు. చలి మాత్రం మర్చిపోకు. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో చెమట పట్టినా, బెల్‌కోంబ్‌లో తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. గాలి దూరని జాకెట్టూ, వేళ్ళు కప్పే గ్లవ్సూ సంచి పైనే పెట్టుకో.

ఆ చెరకు తోటల దగ్గర ఒక నిమిషం ఆగు తల్లీ. 1828లో, ఆ దీవిని ఇంకా బూర్బోన్ అని పిలిచే రోజుల్లో, మన యానాం నుంచి తెలుగువాళ్ళను ఒప్పంద కూలీలుగా ఓడెక్కించి అక్కడికి తీసుకుపోయారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక తమిళనాడు నుంచీ, మన తీరం నుంచీ ఇంకా వేలమంది పోయారు. వాళ్ళ సంతతిని అక్కడ మలబార్లంటారు. ఇళ్ళల్లో ఫ్రెంచీ, క్రియోలూ మాట్లాడతారు, గుళ్ళల్లో నిప్పులు తొక్కుతారు. తెలుగు వచ్చా అని అడిగి వాళ్ళను ఇబ్బంది పెట్టకు. గుంటూరు నుంచి వచ్చానని చెప్పు, వాళ్ళు చెప్పేది విను. నువ్వు సరదాకి ఎక్కే ఆ వాలు కింద వాళ్ళ ముత్తాతలు కత్తి పట్టుకుని ఎండలో వంగి పనిచేశారు.

ఇప్పటి నుంచి ప్రతి ఆదివారం సంచుల్లో పది కిలోలు నింపుకుని కొండవీడు ఘాట్ ఎక్కు. దిగి, మళ్ళీ ఎక్కు. అలవాటయ్యాక కోటప్పకొండ. జులైలో నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళు. ఆ దారిలో షిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తున ఉంది, సిలావోస్‌కు అంతకంటే మంచి పరీక్ష మన దగ్గర లేదు. అది సంచులతో సహా ఎక్కి, చేతులు వణక్కుండా దిగొస్తే మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఈ ఆదివారం ఐదింటికల్లా ఇంటికి రా. వెనక గేర్లు చూడాలి, బ్రేకు రబ్బర్లు మార్చాలి. కాగితం కూడా పట్టుకురా, ఎత్తులు కలిసి రాద్దాం.

మీ పెదనాన్న
బ్రాడీపేట