ఆకలి పెంచిన నాలుక

1945లో అమెరికాలోని మినియాపాలిస్‌లో కొందరు కుర్రాళ్లు మంచం మీద వాలి వంటల పుస్తకాలు చదువుకునేవారు. నవల చదివినంత ఇదిగా చదివేవారు. అంతకుముందు వాళ్లలో చాలామందికి వంటల మీద అంత ఆసక్తి ఉండేది కాదు. మనిషిని చంపడం తమ మతానికి విరుద్ధమని యుద్ధంలో తుపాకీ పట్టబోమన్నవాళ్లు. క్వేకర్లు, మెన్నొనైట్లు, బ్రెదరెన్ శాఖ వాళ్లు అందులో ఉన్నారు. యూరప్‌లో తిండి లేక మాడుతున్న జనాన్ని యుద్ధం ముగిశాక మళ్లీ మనుషుల్ని చెయ్యాలంటే, ఆకలి ఒంటిని ఏం చేస్తుందో ముందు తెలియాలి. అందుకు 36 మంది తమ ఒళ్లు అప్పగించారు. మినెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల కింద గదుల్లో వాళ్ల బస. 24 వారాల పాటు మామూలు తిండిలో సగం పెట్టారు. బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు, ముతక రొట్టె, మాకరోనీ, అంతే. వారానికి 22 మైళ్లు నడవాలి. ఒంటి బరువులో ఇంచుమించు నాలుగో వంతు తగ్గిపోయింది.

బరువు తగ్గడం ఎవరైనా ఊహించగలిగిందే. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నన్ను పట్టుకుని వదలనిది వేరే సంగతి. ఆ కుర్రాళ్లకి ఆడపిల్లల మీద ధ్యాస పోయింది. చదువు మీద, కబుర్ల మీద, నవ్వుల మీద ధ్యాస పోయింది. తిండి మీద మాత్రం వెయ్యింతలైంది. కంచాలు నాకేవారు. ఉన్న కాస్త తిండినీ నీళ్లు కలిపి పెంచి, గంటల తరబడి సాగదీసి తినేవారు. కాఫీకి, చూయింగ్ గమ్‌కి హద్దు పెట్టవలసి వచ్చింది.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. వాళ్లలో చేప ఒకటి. ఎర రుచికి ఆశపడి గాలానికి చిక్కుతుంది. ఆ సందర్భంలో ఆయన అనే మాట ఇది: అన్నం మానేసినవాడికి తక్కిన ఇంద్రియాలు తొందరగానే లొంగుతాయి, నాలుక మాత్రం లొంగకపోగా పెరుగుతుంది. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడి మాటా దీనికి దగ్గరే. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గాని వాటి మీది రుచి మిగులుతుంది, పరమాత్మని చూశాకే అదీ పోతుంది. పురాణ కాలక్షేపాల్లో ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా, కాబట్టి నాలుక చంపుకోండి అని ముగించడమే విన్నాను. కడుపు మాడ్చితే నాలుక చావదని అవధూత అంత స్పష్టంగా చెబుతుంటే ఆ ముక్క ఎందుకు దాటేస్తారో నాకు అర్థం కాదు. స్టేడియం కింద గదుల్లో తేలింది అక్షరాలా అదే.

మా అత్తగారు కార్తీక సోమవారాలు చాలా నిష్ఠగా ఉండేవారు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, దీపం, చుక్క కనిపించేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టని ఉపవాసం. అప్పుడు మేము విశాఖలో పాతపోస్టాఫీసు దగ్గర ఉండేవాళ్లం. పొద్దు వాలేసరికి ఆవిడ అరుగు మీద చేరి, మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ తెమ్మనేవారు. తక్కిన రోజుల్లో ఆ పుస్తకం తాకేవారు కాదు, చూసి వండే ఖర్మ తనకి లేదనేవారు. ఆ సోమవారం సాయంత్రాలు మాత్రం నా చేత ఒక్కో వంటా చదివించుకుని, ప్రతి వంటతోనూ తగవు పెట్టుకునేవారు. “కంద బచ్చలికి ఆవ ముద్ద దింపాకే కలపాలమ్మాయ్, పొయ్యి మీదుండగా వేశావో చేదెక్కి చస్తుంది. పులుపు ముందే పట్టించాలి. చివర్లో ఇంగువ పోపు పెట్టి మూత వేసెయ్యాలి, ఆ ఘాటు బయటికి పోకూడదు.” చెబుతూ చెబుతూ కళ్లు మూసుకునేవారు. ఆవిడ భక్తిని నేను ఒక్కనాడూ శంకించలేదు. శివుణ్ణీ కంద బచ్చలినీ ఒకే మనసులో పెట్టుకుని ఆవిడ చుక్క కోసం చూసేవారు.

మినియాపాలిస్‌లో ఆ ఆకలి ప్రయోగం నడిపిన శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఆయన భార్య మార్గరెట్ రసాయనశాస్త్రం తెలిసిన మనిషి, ఆయన ప్రయోగశాలలో పనిచేస్తూ 1939లో ఆయన్ని పెళ్లాడింది. ఆకలి మీద ఆయన బృందం రాసిన రెండు సంపుటాల గ్రంథం 1950లో వచ్చింది. ఆ తర్వాత దంపతులు ఇటలీలోని నేపుల్స్ వెళ్లారు. అక్కడివాళ్ల నుంచి సేకరించిన రక్తంలో కొలెస్టరాల్ కొలిచే పని మార్గరెట్‌ది. అక్కడి కూలీనాలీ జనం పాస్తా, చిక్కుళ్లు, ఆకుకూరలు, ఏ కొంచెమో మాంసం తింటూ గుండెజబ్బు ఎక్కువగా లేకుండా ఉండడం వాళ్లు చూశారు. తిండికీ గుండెజబ్బుకీ ఉన్న సంబంధం మీద వాళ్ల ఏడు దేశాల అధ్యయనం 1958లో మొదలైంది. 1959లో ఇద్దరి పేర్లతో ‘ఈట్ వెల్ అండ్ స్టే వెల్’ అనే వంటల పుస్తకం వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. అందులో వంటకాలు మార్గరెట్ చేతి మీదుగా వచ్చినవి. 1967లో చిక్కుళ్లు, పప్పుధాన్యాల మీదే మరో పుస్తకం వేశారు. ముద్దపప్పు లేనిదే విస్తరి వెయ్యని మనం గౌరవించవలసిన పుస్తకం అది. కొవ్వుకీ గుండెజబ్బుకీ ముడిపెట్టిన కీస్ సిద్ధాంతం గురించి, ఆయన ఎంచుకున్న దేశాల గురించి వాదాలు ఇంకా నడుస్తున్నాయి. నడవనివ్వండి.

నాకు ముఖ్యమనిపించేది వాళ్లు నడిచిన దారి. మనిషి ఆకలిని అంత దగ్గరగా చూసినవాడు ఉపవాసాలు బోధించలేదు, భార్యతో కలిసి వంటింట్లోకి వెళ్లాడు. ఏది తినకూడదో చెప్పి ఊరుకోకుండా రాత్రి భోజనానికి ఏం వండుకోవాలో చెప్పారు. నాలుకకి శిక్ష వేయడం మాని చదువు చెప్పారన్నమాట. మరీ తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం చెప్పేదానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు. వ్యాఖ్యాతల జాబితాలో మార్గరెట్ పేరు ఎవరూ చేర్చరు గాని నేను చేరుస్తాను.

అయితే విశాఖలో ఉంటూ ఆకలి గురించి రాసేవాళ్లు ఇక్కడితో ఆగలేరు. 1952లో పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహారంగా ఉండి డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు గారు ఈ ఊళ్లోనే దీక్షకి కూచున్నారు. ఆ నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగి జనం చనిపోయారు. దీక్షకి కూచున్న ఆ ఇద్దరూ నాలుకని జయించారా అని అడగడానికి నాకు నోరు రాదు. జయించకుండానే అన్ని రోజులు ఉన్నారనుకుంటే నా నమస్కారం ఇంకా కిందికి వంగుతుంది.

ఇక్కడ అవధూతతో నాకు పేచీ ఉంది. నాలుకని గెలవనంత కాలం మనిషి జితేంద్రియుడు కాడంటాడాయన. ఆ 36 మందిలో 32 మంది చివరిదాకా నిలబడ్డారు. తట్టుకోలేక కొందరు దొంగచాటుగా తినడంతో, బయటికి వెళితే తోడు ఉండాలని నియమం పెట్టారు. దానికీ తలొగ్గారు. పగలూ రాత్రీ ఆకలి, తిండి ధ్యాస. ఆశ రవ్వంత తగ్గలేదు, అయినా ఎక్కడో ముక్కూ మొహం తెలియని పిల్లలకి అన్నం అందాలని ఉండిపోయారు. ఆశ పోయినవాడు ఉపవాసం ఉండడంలో ఏం కష్టముంది? ఆశ పెరుగుతుంటే పక్కనే పెట్టుకుని మాట నిలబెట్టుకున్నవాణ్ణి నేను జితేంద్రియుడనే అంటాను.

పోయిన కార్తీకంలో మా కోడలు సాయంత్రం నా పక్కన చేరి, “అత్తయ్యా, పొద్దుటినుంచీ అల్లం పెసరట్టు తప్ప ఏదీ బుర్రలోకి రావట్లేదు. ఇక నా ఉపవాసం ఏం లెక్క?” అంది. లెక్కేనమ్మా అన్నాను. పెసలు నానబోశావా అని అడిగాను. పొద్దున్నే పోశానంది.