తెర ఒప్పుకున్నంత

మనిషికి యాభై దాటాక, ఏది మసగ్గా కనిపించినా మొదటి అనుమానం కళ్ళ మీదికే పోతుంది. నాకూ అలాగే జరిగింది.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకోవడానికి ముప్ఫై ఎనిమిది అంగుళాల వెడల్పాటి మోనిటర్ ఒకటి కొన్నాను. మా ఆవిడ దాన్ని చూసి, "ఇది మోనిటరా, పెళ్ళిపందిట్లో కట్టే బ్యానరా?" అంది. లాప్‌టాప్‌కి తగిలించగానే ఈ చివర నుంచి ఆ చివర దాకా తెర నిండా బొమ్మ వచ్చింది. ఇంకేం కావాలి? రెండు నెలలు హాయిగా పని చేసుకున్నాను. అక్షరాల అంచులు మాత్రం కాస్త నూగు పట్టినట్టు ఉండేవి. సాయంత్రానికి కళ్ళు లాగేవి. వయసు అనుకున్నాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, కొత్త అద్దాలు వేయించుకుని వచ్చాను. ముఖం మారింది గానీ అక్షరాలు మారలేదు.

ఒకరోజు గరాజ్ సర్దుతుంటే మోనిటర్ వచ్చిన అట్టపెట్టె కనిపించింది. దాని మీద 3840 బై 1600 అని ఉంది. లోపలికి వచ్చి లాప్‌టాప్‌లో చూశాను. అది పంపుతున్నది 2560 బై 1080. ఆ జాబితాలో అంతకంటే పెద్ద అంకె లేనే లేదు. కాగితం మీద గుణించి చూసుకున్నాను. తెరకు ఉన్న చుక్కలు 61 లక్షల 44 వేలు. నాకు వస్తున్నవి 27 లక్షల 64 వేల చిల్లర. సగం కూడా కాదు. ఆ ఉన్నవాటినే మోనిటర్ సాగదీసి తెర నింపుతోంది. రెండింటికీ పొడుగు వెడల్పుల నిష్పత్తి ఇంచుమించు ఒకటే కాబట్టి మనుషులు లావుగా కనిపించలేదు, పక్కల్లో నల్లపట్టీలూ రాలేదు. అలా ఏదైనా వస్తే మొదటిరోజే పట్టుకునేవాణ్ణి. లోటు తెర అంతటా సమానంగా పరుచుకుని ఉంటే లోటులా కనిపించదు.

ఇక తప్పెవరిదని వెతకడం మొదలుపెట్టాను. మొదట లాప్‌టాప్‌ని తిట్టాను, ఆఫీసువాళ్ళు ఇచ్చిన పాతది కదా అని. తరవాత కేబుల్‌ని తిట్టి, ఇంకాస్త లావుది, ఖరీదైనది కొన్నాను. ఏమీ మారలేదు. చివరికి కాలేజీలో ఉన్న మావాడికి ఫోన్ చేశాను. వాడు అంతా విని, "నాన్నా, లాప్‌టాప్ ఎంత పంపగలదో తరవాత చూద్దాం. అసలు మోనిటర్ తనకి ఎంత పడుతుందని చెప్పుకుంటోంది?" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా కంప్యూటర్ల మీద బతుకుతున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు. తెర తగిలించగానే కంప్యూటర్ గుడ్డిగా బొమ్మ పంపించదు. ముందు తెరని అడుగుతుంది, నువ్వెవరు, నీకు ఎంత పడుతుంది అని. తెర ఒక చిన్న చిట్టా అందిస్తుంది. దాన్ని ఇ.డి.ఐ.డి. అంటారు. తెరల ప్రమాణాలు నిర్ణయించే వెసా అనే సంస్థ 1994లో పెట్టిన పద్ధతి అది. ఆ చిట్టా మొదటి భాగం 128 బైట్లు, అంటే పాతకాలపు పోస్టుకార్డు మీద పట్టే ముక్కకంటే ఎక్కువ కాదు. ఆ చిట్టాలో ఏముంటే కంప్యూటర్ మామూలుగా అంతవరకే పంపుతుంది. పెళ్ళిభోజనాల్లో విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వడ్డించేవాడు గరిటె ఎత్తుకుని పక్కకి పోతాడు చూడండి, అలాగన్న మాట. వాడి గంగాళంలో ఎంత ఉందన్నది అప్పుడు లెక్కలోకి రాదు.

మావాడు చెప్పినట్టు మోనిటర్ వెనక బొత్తాం నొక్కి మెనూలోకి వెళ్ళాను. హెచ్.డి.ఎం.ఐ. అన్నచోట 1.4, 2.0 అని రెండు ఎంపికలున్నాయి. 1.4 మీద ఉంది. ఫ్యాక్టరీ నుంచే అలా వచ్చింది. 1.4 సెకనుకి 34 కోట్ల చుక్కలు మోయగలదు. నా తెరని సెకనుకి అరవైసార్లు నింపాలంటే 36 కోట్ల 86 లక్షలు కావాలి. 2.0 అయితే 60 కోట్ల దాకా మోస్తుంది. 2.0 మీద పెట్టాను. తెర రెండు క్షణాలు నల్లబడి మళ్ళీ వెలిగింది.

నా తెర, నా లాప్‌టాప్, నా మొదటి కేబుల్, అన్నీ మంచివే. మోనిటరే తన స్తోమతు తక్కువ చేసి చెప్పుకుంది. లాప్‌టాప్ ఆ మాట నమ్మి, మర్యాదగా అంతే పంపింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పూర్తి బొమ్మ వచ్చాక అక్షరాలు అద్దంలా ఉన్నాయి గానీ చిన్నవైపోయాయి. కుర్చీ దగ్గరికి జరుపుకోవాల్సి వచ్చింది.

ఇందులో వ్యాసం రాసేంత ఏముందని మీరనుకోవచ్చు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా చెల్లెలు అన్న మాటొకటి గుర్తుకొచ్చింది.

మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను 1998లో న్యూజెర్సీ వచ్చినప్పటినుంచి ఆదివారం పొద్దున్నే ఇంటికి ఫోన్ చేస్తాను. అక్కడ దీపాలు పెట్టే వేళ. అమ్మ "బాగానే ఉన్నాం నాయనా" అంటుంది. నాన్నగారు రెండు ముక్కలు మాట్లాడి, "చలికి స్వెట్టర్ వేసుకో" అని పెట్టేస్తారు. జూలైలో కూడా స్వెట్టర్ వేసుకోమంటుంటే, పాపం ఆయనకి ఇక్కడి ఋతువులు ఏం తెలుసులే అని నవ్వుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళపాటు ఇక్కడి ఎండావానా నన్ను అడిగి తెలుసుకుని డైరీలో రాసుకున్న మనిషి ఆయన. అది నాకు తట్టలేదు.

2023 డిసెంబరులో వెళ్ళాను. నాన్నగారు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "ఎవరి కోసం బాబూ?" అన్నారు.

అప్పటికి రెండేళ్ళుగా అలా ఉందట. ఒకసారి పాలకేంద్రం దాకా వెళ్ళి ఇంటిదారి తెలియక నిలబడిపోతే ఎవరో తీసుకొచ్చి దింపారట. పింఛను డబ్బు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, ఎవరో తీశారని అమ్మని నిలదీసేవారట. లెక్కల మాస్టారు. అమ్మ రాత్రిళ్ళు తలుపు గొళ్ళానికి తాడు కట్టి, ఆ చివర తన చేతికి కట్టుకుని పడుకునేది. ఇదంతా రెండేళ్ళు. అంటే నూరు ఆదివారాలు. నూరుసార్లు నేను విన్నది "బాగానే ఉన్నాం."

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద కంటే చెల్లెలి మీద ఎక్కువ. "ఎలా దాచావు? నేను ఈ ఇంటివాణ్ణి కానా?" అని అరిచాను. అది కాసేపు ఊరుకుని అంది: "నువ్వు ఫోన్‌లో మొదట ఏమంటావో తెలుసా అన్నయ్యా? 'అంతా బాగానే ఉన్నారుగా?' అంటావు. అది అడిగినట్టు ఉండదు, కాగితం రాసి తెచ్చి సంతకం పెట్టమన్నట్టు ఉంటుంది. ఆ వెంటనే 'పావుగంటలో బయటికెళ్ళాలి' అంటావు. పావుగంటలో అమ్మ ఏం చెప్తుంది?"

ఆ రోజు ఆ మాటకి జవాబు చెప్పలేక ఇంకా కోపం తెచ్చుకున్నాను. మోనిటర్ మెనూ ముందు కూర్చున్న రోజున గానీ అది నాకు పూర్తిగా అర్థం కాలేదు.

అబద్ధం గురించి మన పెద్దలు బోలెడు ఆలోచించారు. భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఒక పట్టికే చెబుతాడు: ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళి విషయాల్లో, ప్రాణం మీదికీ ధనం మీదికీ మానం మీదికీ వచ్చినప్పుడు, ఇలాంటి చోట్ల బొంకితే పాపం లేదని. బలి ఒప్పుకోడు. అన్నమాటకి కట్టుబడి అన్నీ పోగొట్టుకుంటాడు. అటు జర్మనీలో కాంట్ అనే తత్త్వవేత్త 1797లో ఒక వ్యాసం రాసి బలికంటే మొండిగా వాదించాడు. నీ ఇంట్లో దాక్కున్న స్నేహితుణ్ణి చంపడానికి హంతకుడు వచ్చి అడిగినా సరే, అబద్ధం చెప్పకూడదన్నాడు. శుక్రుడు, బలి, కాంట్, ముగ్గురూ మూడు రకాలుగా చెప్పినా ముగ్గురి చూపూ ఒకరి మీదే ఉంది. మాట్లాడేవాడి మీద. వాడు చెప్పాలా, దాచాలా, దాస్తే పాపమెంత? వినేవాడి బాధ్యత సంగతి ఆ చర్చలో రాలేదు.

అమ్మ అబద్ధం చెప్పిందా? శుక్రుణ్ణి అడిగితే క్షమిస్తాడేమో, కాంట్‌ని అడిగితే తప్పంటాడు. నా మటుకు నాకు ఆ ప్రశ్నే సరైంది కాదనిపిస్తోంది. నాకు ఎంత పడుతుందని నేను చెప్పుకున్నానో అమ్మ అంతే పంపింది. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టింది నేను. పెట్టి, నాకు వడ్డించలేదేమని బంతిలోంచి లేచి అరిచిందీ నేనే. సత్యం చెప్పడం ఒక ధర్మమైతే, అది చెప్పడానికి ఎదుటివాడికి చోటివ్వడం కూడా ధర్మమే. రెండోది లేకుండా మొదటిది అడిగే హక్కు మనకి లేదు.

దీనికి నాలోనే ఒక ఎదురువాదన ఉంది. అది చెప్పకపోతే న్యాయం కాదు. ఆ మోనిటర్ని ఫ్యాక్టరీలో తక్కువ మీద పెట్టి పంపడం కుట్ర కాదు. పాత పరికరానికి తగిలించినా ఏదో ఒక బొమ్మ రావాలని అలా పెడతారు. దారి సన్నగా ఉన్నప్పుడు ఎక్కువ అడిగితే తెర మినుకుమినుకుమంటుంది, లేదా మొత్తానికే నల్లబడుతుంది. 1998లో నా దారి నిజంగానే సన్నది. ఫోన్ కార్డు గీకి, పొడుగాటి నంబర్లు నొక్కి, మిగిలిన నిమిషాలెన్నో ఆ యంత్రం చెబుతుంటే మాట్లాడేవాళ్ళం. వీసా సంగతి తేలక, సెలవు దొరక్క, టికెట్‌కి డబ్బు లేక ఉన్నవాడికి ఇంట్లో కష్టమంతా చెప్పి ఏం లాభం? వాడు అక్కడ కుమిలిపోవడం తప్ప. అప్పట్లో "అంతా బాగానే ఉన్నారుగా?" అని అడగడం, "బాగానే ఉన్నాం" అని చెప్పడం, రెండూ ఒకరి మీద ఒకరికి ఉన్న దయే. అప్పుడు అది తప్పంటే నేను ఒప్పుకోను.

కానీ తరవాత గ్రీన్‌కార్డు వచ్చింది. ఇల్లు వచ్చింది. 2016లో వాట్సాప్‌లో వీడియో కూడా వచ్చింది. మొహం చూస్తూ గంటలు మాట్లాడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. దారి వెడల్పయింది. నా ప్రశ్న మాత్రం ఫోన్ కార్డు రోజుల్లోదే. దాన్ని ఎప్పుడు పెట్టానో, ఎందుకు పెట్టానో కూడా మర్చిపోయాను. నిజం చెప్పాలంటే, ఆ మరుపులో కొంత సౌఖ్యం కూడా ఉంది. మసకబొమ్మని దూరం నుంచి చూసుకుంటూ బతకొచ్చు. స్పష్టమైనది వస్తే కుర్చీ దగ్గరికి జరుపుకోవాలి.

నేను పంపిన బొమ్మ సంగతీ ఒప్పుకోవాలి. 2009లో నాకు నాలుగు నెలలు ఉద్యోగం లేదు. ఇంట్లో చెప్పలేదు. వాళ్ళు తట్టుకోలేరనుకున్నాను. తట్టుకోగలరా అని ఎప్పుడూ అడగలేదు. తెర నుంచి చిట్టా అందకపోతే కంప్యూటర్ కూడా ఇంతే, తనంతట తానే ఏదో చిన్న కొలత ఊహించుకుని పంపుతుంది. మొన్న వెళ్ళినప్పుడు నాన్నగారి పాత డైరీల్లో ఆ ఏడాదిది తీసి చూశాను. ఒక ఆదివారం పేజీలో వాతావరణం కింద ఆయన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "వాడి గొంతు బాగాలేదు. అడగవద్దని దాని అమ్మకు చెప్పాను." ఆ మాటకి ముందు "వాడి" అని రాసి కొట్టేసి, "దాని" అని ఎందుకు రాశారో ఆయనకే తెలియాలి. ఇప్పుడు అడిగినా చెప్పలేరు.

ఇప్పుడు ఆదివారం ఫోన్ చేసినప్పుడు "అంతా బాగానే ఉన్నారుగా?" అనడం మానేశాను. "నిన్న రాత్రి నాన్నగారు ఎన్నిసార్లు లేచారు?" అని అడుగుతాను. మొదటి రెండు వారాలు అమ్మ "ఫరవాలేదులే" అంది. అలవాటు అంత తొందరగా పోదు కదా. మూడో వారం చెప్పింది. అప్పటినుంచి చెబుతూనే ఉంది. వింటుంటే కష్టంగానే ఉంటుంది. నేను చెయ్యగలిగింది కూడా పెద్దగా లేదు. రాత్రికి ఒక మనిషిని పెట్టాం, అమ్మ చేతికి ఇప్పుడు తాడు లేదు. అంతే. నాన్నగారికి జబ్బు తగ్గదు.

పోయిన ఆదివారం నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఆగి, "నీకు పనుందేమో నాయనా" అంది.

"లేదమ్మా, చెప్పు" అన్నాను.

ఉంది, నిజానికి. ఈ అబద్ధం శుక్రాచార్యుడి పట్టికలోకి వస్తుందో రాదో పెద్దలే చెప్పాలి.